రాత్రి రెండింటికి బోరు దానంతట అదే నడిచింది: సెన్సర్ నెట్‌వర్క్‌లో "ఎవరు అడిగారు" అన్నది తేల్చేదెలా?

మిర్చికల్లం | నవంబర్ 9, ఉదయం 8:20

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. నాలుగెకరాల మిర్చి. పోయిన ఏడాది నుంచి చేన్లో నేల తేమ చూసే నోడ్లు (చిన్న సెన్సర్ డబ్బాలు) 11 పెట్టాను. ఒక్కోదాంట్లో చిన్న మైక్రోకంట్రోలర్, 865 మెగాహెర్ట్జ్ లోరా రేడియో (తక్కువ కరెంటుతో దూరం పోయేది), రెండు బ్యాటరీలు. ఇంటి మీద, ఫోన్‌కూ నోడ్లకూ మధ్య గేట్‌వేగా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, కల్లం దగ్గర రేకుల షెడ్డు మీద ప్యాకెట్లను ముందుకు పంపే రిపీటర్, బోరు దగ్గర స్టార్టరు డబ్బాలో మోటారు వేసే రిలే (స్విచ్) ఉన్న నోడ్. ఫోన్లో పేజీ తెరిచి ఆన్ నొక్కితే మోటారు నడుస్తుంది. అంతా నేను రాసిన కోడే.

నిన్న సాయంత్రం 5:41కి మోటారు వేశాను, 6:50కి ఆపాను. పొద్దున ఆరింటికి బాపు చేనుకు పోతే మోటారు నడుస్తూనే ఉంది. కింది మడి మొత్తం నీళ్లే, బోదెలు కనిపించడం లేదు. పూతకొచ్చిన తోట. మిర్చికి ఒక్క రోజు నీళ్లు నిలబడితే వేరు ఏమవుతుందో తెలిసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. బోరు నోడ్‌లో మెమరీ కార్డు తీసి చూస్తే రాత్రి 2:13కి ఆన్ కమాండ్ వచ్చినట్టు ఉంది. ఆ టైంలో మేమంతా నిద్రలో ఉన్నాం.

పేజీకి పాస్‌వర్డ్ ఉంది. రేడియోలో పోయే ప్రతి ప్యాకెట్‌కూ ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ పెట్టాను, అన్ని నోడ్లకూ ఒకటే కీ. అయినా ఎవరో దూరారు. పక్క చేను వాళ్ల అబ్బాయి ఈ మధ్య నా ఫోన్ పేజీ చూసి పాస్‌వర్డ్ ఏంటని రెండుసార్లు అడిగాడు. పొద్దున చాయ్ హోటల్ దగ్గర అడిగేశాను. మాటా మాటా పెరిగింది.

యూజర్ అథెంటికేషన్ (అడిగింది ఎవరో తేల్చడం) గట్టిగా ఉండాలంటే ఏం చేయాలి? వేలిముద్ర పెట్టాలా?

బిట్టుబైటు | నవంబర్ 9, ఉదయం 8:34

అన్నా, బ్లాక్‌చైన్ పెట్టు. ప్రతి కమాండూ లెడ్జర్‌లో ఉంటుంది, ఎవరూ మార్చలేరు. మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అదే.

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 9, ఉదయం 8:51

బిట్టూ, ఆయన మోటారు ఎవరు వేశారని అడుగుతున్నాడు, భూమి రిజిస్ట్రేషన్ కాదు. రెండు బ్యాటరీల మీద నడిచే డబ్బాలో లెడ్జర్ ఎక్కడ పెడతావు?

తమ్మీ మిర్చికల్లం, ముందు ఆ లాగ్ ఇక్కడ పెట్టు. పక్కింటోడి సంగతి తర్వాత.

పాకాల_కాక | నవంబర్ 9, ఉదయం 9:05

బిడ్డా, ఆటో స్టార్టరు ఉందా? కరెంటు పోయి వస్తే దానంతట అదే ఎత్తుకుంటది. 24 గంటల కరెంటు ఇచ్చే ముందు సర్కారు అందరినీ తీసేయమన్నది అందుకే. ఇంకా సగం ఊళ్లల్ల ఉన్నయి.

మిర్చికల్లం | నవంబర్ 9, ఉదయం 9:22

కాకా, ఆటో స్టార్టరు ఎప్పుడో తీసేశాం. ఆన్ కావాలంటే రిలే నుంచి కమాండ్ రావాల్సిందే.

లాగ్ ఇదిగో. చివర ఉన్నది సిగ్నల్ బలం.

నవంబర్ 8, 17:41:08 — 183 22 9 241 70 118 203 5 64 190 37 88 212 14 151 99 — మైనస్ 71
నవంబర్ 9, 02:13:35 — 183 22 9 241 70 118 203 5 64 190 37 88 212 14 151 99 — మైనస్ 71

గూఢలిపి | నవంబర్ 9, ఉదయం 10:10

మిర్చికల్లం గారూ, ఆ రెండు లైన్లను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. పదహారు అంకెల్లో ఒక్కటి కూడా మారలేదు. మీ పాత లాగ్‌లో ఏ రోజు ఆన్ కమాండ్ తీసినా ఇవే అంకెలు ఉంటాయని నా అనుమానం. ఒకసారి చూసి చెప్పండి.

మిర్చికల్లం | నవంబర్ 9, ఉదయం 10:31

చూశాను. నవంబర్ 3న ఇవే. అక్టోబర్ 20న కూడా ఇవే. అంటే ఎన్‌క్రిప్షన్ పని చేయడం లేదా మేడమ్?

గూఢలిపి | నవంబర్ 9, ఉదయం 10:58

ఎన్‌క్రిప్షన్ దాని పని అది చేసింది. మీరు దానికి అప్పజెప్పిన పనే వేరు. మీరు వాడింది ఈసీబీ పద్ధతి. అందులో ఒకే మాటను ఒకే కీతో ఎన్నిసార్లు మూసినా ఒకే మూట వస్తుంది. "బోరు 1, ఆన్" అన్న మాట మీద తేదీ లేదు, వరుస నంబరు లేదు. ఆ మూట లోపల ఏముందో చదవలేని వాడు కూడా దాన్ని గాల్లోంచి పట్టి, దాచి, రాత్రి మళ్లీ వదలొచ్చు. బోరు నోడ్ దాన్ని విప్పి, "నా కీతోనే మూశారు, మనవాళ్లే" అనుకుంటుంది. దీన్నే రీప్లే దాడి అంటారు.

ఏనుమాముల యార్డులో గేటు చీటీ మీద తేదీ, నంబరు వేయకుండా ఒట్టి ముద్ర మాత్రమే వేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ముద్ర అసలుదే. చీటీ నిన్నటిది.

మీ పేజీకి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా, వేలిముద్ర పెట్టినా ఈ దాడి ఆగదు. ఆ కాపలా అంతా ఫోన్‌కీ గేట్‌వేకీ మధ్య. ఇది జరిగింది గేట్‌వే దాటాక.

మిర్చికల్లం | నవంబర్ 9, ఉదయం 11:06

అయితే ఆ పిల్లగాడు రేడియో పెట్టి రికార్డు చేశాడన్నమాట! వాడి దగ్గర లోరా బోర్డు ఉందో లేదో కనుక్కుంటాను.

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 9, ఉదయం 11:15

ఆగు తమ్మీ. మళ్లీ చాయ్ హోటల్‌కి పోకు.

సిగ్నల్ బలం చూడు. సాయంత్రం మైనస్ 71, రాత్రి మైనస్ 71. సాయంత్రం ఆ ప్యాకెట్ బోరుకు వచ్చింది నీ రిపీటర్ నుంచి. ఇంకెవడో వేరే చోట నిలబడి వదిలితే ఈ అంకె మారాలి. గట్టు మీద నిలబడితే మైనస్ 40, 50 ఉంటుంది. వాడి ఇంట్లోంచి అయితే 90 దాటుతుంది. అచ్చం రిపీటర్ ఉన్నంత దూరంలో, అంతే పవర్‌తో, అంతే ఎత్తున నిలబడి వదిలాడంటే నేను నమ్మను. దొంగ ఎవరో కాదు, నీ రిపీటరే అనిపిస్తోంది.

రెండు ప్రశ్నలు. రాత్రి కరెంటు పోయిందా? లాగ్‌లో మధ్య లైన్లు ఏమైనా తీసేసి పెట్టావా?

మిర్చికల్లం | నవంబర్ 9, ఉదయం 11:48

అన్నా... అవసరం లేదనుకుని తీసేశాను. పూర్తిగా ఇదీ:

17:41:08 ఆన్ ప్యాకెట్
17:41:11 అదే ప్యాకెట్
17:41:14 అదే ప్యాకెట్
18:50:22 ఆఫ్ ప్యాకెట్
02:13:05 నోడ్ స్టార్ట్ అయింది
02:13:35 ఆన్ ప్యాకెట్

రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చిందట, అమ్మ చెప్పింది. షెడ్డుకూ బోరుకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్. కాబట్టి రెండూ ఒకేసారి స్టార్ట్ అయి ఉంటాయి. రిపీటర్ కోడ్ తీసి చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. పోయిన ఎండాకాలం ప్యాకెట్లు పోతున్నాయని నేనే ఒక ఏర్పాటు చేశాను. బోరు నుంచి "అందింది" అని జవాబు రాకపోతే మూడుసార్లు పంపు, అప్పటికీ రాకపోతే ఫ్లాష్ మెమరీలో దాచు, మళ్లీ కరెంటు వచ్చాక 30 సెకండ్లు ఆగి పంపు.

2:13:05కి 30 కలిపితే 2:13:35.

పాకాల_కాక | నవంబర్ 9, మధ్యాహ్నం 12:02

నేను చెప్పింది ఆటో స్టార్టరు అనే. నువ్వు దాన్ని ఇంజినీరింగు చదివి మళ్ల తయారు చేసినవ్ కొడకా.

బిట్టుబైటు | నవంబర్ 9, మధ్యాహ్నం 12:04

కాక రాక్స్ 😂

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 9, మధ్యాహ్నం 12:40

ఇంకో ముడి మిగిలింది. ఆఫ్‌కు జవాబు వెళ్లింది, ఆన్‌కు మాత్రం వెళ్లలేదు. ఎందుకు? రిలే వేశాక జవాబు పంపుతున్నావు కదా? ఐదు హెచ్‌పీ మోటారు ఎత్తుకునేటప్పుడు లైన్‌లో వోల్టేజీ దిగుతుంది. అదే లైన్ మీద ఉన్న నీ చిన్న అడాప్టర్ కూడా దిగుతుంది. సరిగ్గా ఆ క్షణానే రేడియో నోరు తెరవబోయి మూగబోతోంది. సాయంత్రం ఊరంతా మోటార్లు నడిచే టైం కాబట్టి ఇంకా ఎక్కువ. ముందు జవాబు పంపి, ఒక సెకండ్ ఆగి, అప్పుడు రిలే వేయి. అడాప్టర్ దగ్గర పెద్ద కెపాసిటర్ ఒకటి పెట్టు. అయిదు రూపాయల పని.

మిర్చికల్లం | నవంబర్ 9, సాయంత్రం 7:15

పక్క చేను వాళ్లింటికి పోయి వచ్చాను. వాళ్ల నాన్న ఏమీ అనలేదు, కూర్చోమన్నాడు. అదే ఎక్కువ కష్టమైంది. కింది మడి నీళ్లు గండి కొట్టి తీశాం. అందులో వాళ్ల అబ్బాయే వచ్చి పార పట్టాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దొంగ లేడు సరే. కానీ గూఢలిపి మేడమ్ చెప్పినట్టు, రిపీటర్ పొరపాటున చేసిన పని రేపు ఎవడైనా కావాలని చేయొచ్చు. మొత్తం మళ్లీ రాస్తాను. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? నెట్‌లో ఈ విషయం మీద పేపర్లు వందల్లో ఉన్నాయి. ఒక్కొక్కరూ అవతలివాళ్లది తప్పంటారు.

గూఢలిపి | నవంబర్ 9, రాత్రి 9:30

ఆ పేపర్ల మధ్యే నా బతుకు గడుస్తోంది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

సెన్సర్ నెట్‌వర్క్‌లో ముగ్గురుంటారు. అడిగే మనిషి, మధ్యలో గేట్‌వే, చివర నోడ్. నోడ్ చాలా చిన్నది. తొలి పరిశోధనల్లో వాడిన మైకా నోడ్‌లో ర్యామ్ 4 కేబీ. రేడియో ప్రమాణం 802.15.4లో ఒక ఫ్రేమ్ (ప్యాకెట్) మొత్తం 127 బైట్లకు మించదు. వెబ్‌సైట్లలో చేసినట్టు సర్టిఫికెట్లు పంపుకోవడం అక్కడ బరువే. అందుకే 2006లో వాంగ్, ఆయన సహచరులు హ్యాష్ (వెనక్కి తిప్పలేని లెక్క) మాత్రమే వాడి యూజర్‌ను గుర్తించే పద్ధతి ఒకటి ఇచ్చారు. అందులో యూజర్ల పట్టిక నోడ్ల దగ్గరే ఉంటుంది. ఒకే లాగిన్‌తో ఎంతమందైనా ఒకేసారి దూరొచ్చనీ, పట్టిక దొంగిలిస్తే పనైపోతుందనీ తర్వాత తేలింది.

2009లో ఎం.ఎల్. దాస్ స్మార్ట్ కార్డు, పాస్‌వర్డ్ రెండూ కావాలన్నారు. కార్డు పోయినా పాస్‌వర్డ్ ఉంటుంది, పాస్‌వర్డ్ తెలిసినా కార్డు ఉండాలి. లెక్క అంతా హ్యాష్‌లు, ఎక్స్ఓఆర్‌లే (బిట్లను పోల్చే చిన్న లెక్క), నోడ్‌కు తేలిక. చక్కటి ఆలోచన. కానీ అందులో గేట్‌వే రహస్యం ఒకటి యూజర్ల కార్డుల్లోనూ నోడ్లలోనూ కూడా ఉంటుంది. 2010లో ఖాన్, అల్‌గత్‌బర్ వేలు పెట్టి చూపింది అక్కడే. ఒక కార్డు నుంచి ఆ రహస్యం లాగితే చాలు, గేట్‌వేను పక్కనపెట్టి నేరుగా నోడ్‌తో మాట్లాడొచ్చు. కార్డు వాడే కరెంటును కొలిచి లోపలి రహస్యం లాగొచ్చని 1999లోనే కాకర్ బృందం చూపించింది కాబట్టి ఇది ఊహ కాదు. పైగా పాస్‌వర్డ్ మార్చుకునే దారి లేదు, గేట్‌వే తానే గేట్‌వే అని నోడ్‌కు రుజువు చేసుకునే దారీ లేదు.

అక్కణ్నుంచి ఇప్పటిదాకా వచ్చినవి చాలావరకు ఈ కథకు కొనసాగింపులే. ఒకరు కడతారు, ఇంకొకరు పడగొడతారు. నాకు వాటిలో ఎక్కువ భాగం విసుగు. అయినా పడిపోయినవి ఎందుకు పడ్డాయో చూస్తే మాత్రం రెండే కారణాలు పదేపదే కనిపిస్తాయి: అందరి దగ్గరా ఒకే రహస్యం ఉండటం, ఈ సందేశం ఇప్పటిదేనని తేల్చే ఏర్పాటు సరిగ్గా లేకపోవడం. మీ చేన్లో రెండూ ఉన్నాయి.

మిర్చికల్లం | నవంబర్ 9, రాత్రి 9:52

మేడమ్, ఒకటే కీ అన్నారు కదా. ఆగస్టులో కోతులు ఒక నోడ్ పీక్కుపోయాయి. మూడు రోజులకు ఆంజనేయస్వామి గుడి వెనక దొరికింది, యాంటెన్నా కొరికి ఉంది. అది కోతికి కాకుండా తెలిసిన వాడికి దొరికి ఉంటే?

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 9, రాత్రి 10:03

దొరికి ఉంటే యూఎస్‌బీ కేబుల్ తగిలించి పది నిమిషాల్లో ఫ్లాష్ మొత్తం కాపీ చేసుకునేవాడు. అందులో నీ కీ. అదే కీతో బోరు. చేన్లో పడేసిన తేమ నోడ్‌తో మోటారు వేసేవాడు.

నీ మైక్రోకంట్రోలర్ ఈఎస్‌పీ32 అయితే ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ ఉంది, సెక్యూర్ బూట్ (నీ సంతకం ఉన్న కోడ్‌నే నడిపేది) ఉంది. కానీ జాగ్రత్త, అవి చిప్ లోపలి ఈ-ఫ్యూజ్‌లు కాల్చి పెట్టేవి. ఒకసారి కాలిస్తే వెనక్కి రావు. నేను మూడు బోర్డులు చెత్తలో వేసి నేర్చుకున్నాను.

గూఢలిపి | నవంబర్ 9, రాత్రి 10:20

చిప్‌కు తాళం వేయడం మంచిదే. అంతకన్నా చవకైన పని, ఒక్కో నోడ్‌కు ఒక్కో కీ ఇవ్వడం. ఇందుకు 12 కీలు రాసిపెట్టుకోవాల్సిన పని లేదు. గేట్‌వేలో ఒక మూల కీ ఉంచండి. నోడ్ నంబరును ఆ కీతో హెచ్‌మ్యాక్ చేస్తే (అంటే కీ కలిపి హ్యాష్ తీస్తే) వచ్చేది ఆ నోడ్ కీ. ఏడో నోడ్ పోతే ఏడో నోడ్ కీ మాత్రమే పోతుంది, దాన్నుంచి వెనక్కి మూల కీకి పోలేరు. గేట్‌వేలో ఏడో నంబరును కొట్టేస్తే సరి. మూల కీ మాత్రం ఏ నోడ్‌లోనూ, రిపీటర్‌లోనూ ఉండకూడదు. రిపీటర్‌కు అసలు ఏ కీ అక్కర్లేదు. దానికి వచ్చిన మూట ముందుకు తోయడమే పని.

జమ్మికుంట_పత్తి | నవంబర్ 10, ఉదయం 6:40

మధ్యలో వస్తున్నా, క్షమించాలి. ఈ ఏడు మిర్చి రేటు ఎట్లుంటది అంటున్నారు?

నిర్వాహకుడు | నవంబర్ 10, ఉదయం 7:00

జమ్మికుంట గారూ, ధరల చర్చ వేరే చోట నడుస్తోంది. ఇక్కడ వద్దు.

బిట్టుబైటు | నవంబర్ 10, ఉదయం 7:45

రీప్లే ఆపాలంటే ప్యాకెట్‌లో టైం పెడితే చాలు కదా? 10 సెకండ్ల కన్నా పాతదైతే పారేయాలి. సింపుల్.

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 10, ఉదయం 8:12

గడియారం సరిగ్గా నడిస్తే సింపులే. నోడ్‌లో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. అక్కణ్నుంచి ఎంత దూరం పోతే అంత వెనకబడుతుంది, అదీ వర్గం లెక్కన. డిగ్రీ తేడాను దానితోనే గుణించి 0.034తో గుణించు, పది లక్షలకు ఇన్ని భాగాలని వస్తుంది. మే నెలలో మన దగ్గర ఎండలో పెట్టిన డబ్బా లోపల 60 డిగ్రీలు అనుకో. తేడా 35. దాదాపు 42 భాగాలు. రోజంతా అలాగే ఉంటే రోజుకు 3.6 సెకండ్లు. మూడు రోజుల్లో నీ పది సెకండ్ల హద్దు దాటిపోయింది. నాలుగో రోజు నుంచి మిర్చికల్లం తన బోరును తానే వేసుకోలేడు.

డీఎస్3231 లాంటి వేడిని సరిచూసుకునే గడియారం పెడితే ఏడాదికి రెండు నిమిషాల లోపే తేడా. కానీ ప్రతి నోడ్‌లో అదొకటా?

గూఢలిపి | నవంబర్ 10, ఉదయం 9:05

గడియారం వద్దనే నా మాట కూడా. ఇక్కడ రెండు రకాల నోడ్లున్నాయి, రెండింటికీ ఒకే మందు వేయకండి.

బ్యాటరీ మీద నడిచే తేమ నోడ్లకు వరుస నంబరు చాలు. ప్రతి ప్యాకెట్‌కూ ఒకటి పెంచండి. గేట్‌వే తాను చివరగా చూసిన నంబరు కన్నా పెద్దది వస్తేనే ఒప్పుకోవాలి. సెన్సర్ నెట్‌వర్క్‌ల భద్రత కోసం 2001లో వచ్చిన స్పిన్స్ పద్ధతిలో కూడా ఇలాంటి లెక్కింపే ఉంది. రెండు వైపులా నంబరు గుర్తుంచుకుంటారు కాబట్టి దాన్ని గాల్లో పంపను కూడా పంపరు. సందేశానికి అదనంగా పడే బరువు 8 బైట్లే.

బోరు నోడ్‌కు కరెంటు ఉంది, బ్యాటరీ బెంగ లేదు. దానికి సవాలు, జవాబు పద్ధతి పెట్టండి. గేట్‌వే "ఆన్ చేయాలి" అంటుంది. బోరు నోడ్ అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్య పుట్టించి పంపుతుంది. గేట్‌వే ఆ సంఖ్యనూ, "ఆన్" అన్న మాటనూ కలిపి బోరు కీతో హెచ్‌మ్యాక్ చేసి పంపుతుంది. సరిపోతే మోటారు. ఆ సంఖ్య 30 సెకండ్లే చెల్లుతుంది, ఒక్కసారే చెల్లుతుంది. మీ రిపీటర్ దాన్ని రాత్రంతా దాచుకుని కరెంటు వచ్చాక పంపినా, ఆ సవాలు అప్పటికే చచ్చిపోయి ఉంటుంది.

ఒక్క మాట. ఆ సంఖ్య నిజంగా యాదృచ్ఛికంగా ఉండాలి. ప్రతిసారీ బూట్ కాగానే ఒకే వరుసలో వచ్చే ర్యాండమ్ ఫంక్షన్ వాడితే మళ్లీ మొదటికే వస్తారు.

మిర్చికల్లం | నవంబర్ 10, ఉదయం 9:40

తేమ నోడ్ రీసెట్ అయితే నంబరు సున్నాకు వస్తుంది కదా మేడమ్? ప్రతిసారీ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) రాస్తే అది అరిగిపోదా?

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 10, ఉదయం 10:02

ఈఈప్రామ్ ఒక చోట లక్షసార్లు రాయొచ్చంటారు. పావుగంటకోసారి అంటే రోజుకు 96. లక్షకు మూడేళ్లు కూడా రావు. అందుకని యాభైకి ఒకసారి రాయి. స్టార్ట్ కాగానే రాసి ఉన్న నంబరుకు యాభై కలిపి అక్కణ్నుంచి మొదలుపెట్టు. మధ్యలో కొన్ని నంబర్లు వృథా అయితే అయ్యాయి, వెనక్కి మాత్రం పోకూడదు.

భూపాలపల్లి_షిఫ్టు | నవంబర్ 10, మధ్యాహ్నం 2:25

నేను గనిలో ఎలక్ట్రీషియన్‌ని. కోడింగ్ తెలియదు. ఒకటి చెప్పాలనిపించింది. మా దగ్గర గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలి. తీసేయడానికి ఎవరి సంతకమూ అడగరు. మళ్లీ ఇవ్వడానికి మాత్రం అధికారం ఉన్నవాడు వచ్చి, చూసి, రాసి ఇవ్వాలి. మీరు ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే తాళం వేస్తున్నారు.

గూఢలిపి | నవంబర్ 10, మధ్యాహ్నం 2:50

షిఫ్టు గారూ, ఇది నేను చదివిన పేపర్లలో చాలావాటికి తట్టలేదు. ధన్యవాదాలు.

పాకాల_కాక | నవంబర్ 10, సాయంత్రం 4:15

ఇవన్నీ మంచిగనే ఉన్నయి. మీ బాపు సంగతేంది? ఆయనకు స్మార్ట్ ఫోన్ వస్తదా, పాస్‌వర్డ్ కొడతడా? ఆయనకు చేతకాకపోతే నువ్వు ఊళ్లో లేని రోజు ఆ తాళం మీకే పడ్తది.

మిర్చికల్లం | నవంబర్ 10, సాయంత్రం 6:30

కాకా, అదే పెద్ద టెన్షన్. బాపుది బటన్ల ఫోను. ఇదివరకు మొబైల్ స్టార్టరు ఉండేది, మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆన్. దానికి అలవాటు పడ్డాడు. నా పేజీకి పెట్టిన పాస్‌వర్డ్ కూడా ఆయన కోసమే తేలికగా పెట్టాను. ఏంటో చెప్పను గానీ, మా బండి నంబరు.

బిట్టుబైటు | నవంబర్ 10, సాయంత్రం 6:41

చెప్పేశావు అన్నా.

గూఢలిపి | నవంబర్ 10, రాత్రి 8:10

బిట్టు నవ్వుతున్నాడు గానీ, 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టుకున్నది ఇలాంటి వాటితోనే. దానిలో ఉన్నది అరవై చిల్లర ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటల పట్టిక మాత్రమే.

మిస్డ్ కాల్ స్టార్టరు సంగతి: అది గుర్తుపట్టేది మనిషిని కాదు, తెర మీద పడే నంబరును. ఇంటర్నెట్ ఫోన్ దారిలో ఆ నంబరును వేరేవాళ్లదిగా చూపించడం అసాధ్యమేమీ కాదు. అయినా షిఫ్టు గారు చెప్పిన దారిలో పోతే బాపు గారికి అదే ఉంచొచ్చు. ఆయన మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆగుతుంది. ఎవడైనా ఆయన నంబరు దొంగిలించి మోటారు ఆపితే పోయేది ఒక తడి. వేస్తే పోయేది తోట.

ఆన్ చేయడానికి ఆయనకు స్టార్టరు డబ్బా పక్కన ఒక బటన్ పెట్టండి, డబ్బాకు తాళం. తాళంచెవి ఆయన నడుముకు ఉంటుంది. ఇదీ అథెంటికేషనే, చిన్నచూపు చూడకండి.

మీకూ మీ తమ్ముడికీ వేర్వేరు లాగిన్లు. పాస్‌వర్డ్‌ను గేట్‌వేలో ఉన్నదున్నట్టు దాచకుండా ఆర్గాన్2 లాంటి నిదానంగా నడిచే హ్యాష్‌తో దాచండి. రాస్ప్‌బెర్రీ పై దాన్ని మోయగలదు. ఆన్ నొక్కేటప్పుడు నాలుగంకెల పిన్ ఒకటి అడగండి. అయిదుసార్లు తప్పితే పావుగంట ఆపండి. పదివేల పిన్నులు వరుసగా ప్రయత్నించడానికి దాదాపు 21 రోజులు పడుతుంది. ఈలోపు మీ లాగ్ చూసుకుంటారు కదా.

మిర్చికల్లం | నవంబర్ 10, రాత్రి 8:31

ఈసారి మధ్య లైన్లు తీసేయకుండా చూసుకుంటాను మేడమ్.

బిట్టుబైటు | నవంబర్ 10, రాత్రి 9:15

అక్కా, సీరియస్‌గానే అడుగుతున్నా. ఏఈఎస్ తీసేసి అస్కాన్ అనే కొత్త ఎన్‌క్రిప్షన్ వాడొచ్చా? 2023 ఫిబ్రవరిలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చిన్న పరికరాల కోసం దాన్నే ఎంచుకుంది కదా.

గూఢలిపి | నవంబర్ 10, రాత్రి 9:40

మంచి ప్రశ్న. 2025లో దాన్ని ప్రమాణంగా కూడా ప్రచురించారు. కొత్తగా చిప్ ఎంచుకునేవాళ్లు తప్పక చూడాలి. కానీ ఈఎస్‌పీ32లో ఏఈఎస్‌కు హార్డ్‌వేర్ ఉంది, దాన్ని వదులుకోవడం ఎందుకు? ఈసీబీ మానేసి సీసీఎం పద్ధతి వాడితే మూయడమూ, ఎవరు మూశారో తేల్చడమూ రెండూ ఒకేసారి అవుతాయి. ఎవరు మూశారో తేల్చే ఆ ముద్రను ట్యాగ్ అంటారు, అది 8 బైట్లు పెట్టుకోండి. లోరా మీద నడిచే నెట్‌వర్క్ ప్రమాణం లోరావాన్‌లో అయితే 4 బైట్లతోనే సరిపెట్టారు. వరుస నంబరును నాన్స్‌గా (ఒక్కసారే వాడే సంఖ్యగా) వాడండి, ఒకే కీతో ఒకే నంబరు రెండోసారి వాడితే సీసీఎం కూడా కాపాడదు.

మీ ప్రాజెక్టులో లెడ్జర్ పక్కనపెట్టి, ఈ రెండింటికీ బ్యాటరీ ఖర్చు ఎంతో కొలిచి చూపించండి. అది చదవాలని నాకే ఉంది.

మిర్చికల్లం | నవంబర్ 23, రాత్రి 8:05

రెండు వారాలు పట్టింది. కింది మడిలో నలభై చెట్ల దాకా వాడిపోయాయి, మిగతావి నిలబడ్డాయి.

నోడ్లు అన్నీ మార్చాను, ఒక్కోదానికి ఒక్కో కీ. రిపీటర్‌లో దాచిపెట్టే కోడ్ పీకేశాను. జవాబు ముందు, రిలే తర్వాత. కెపాసిటర్ పెట్టాక ఆన్‌కు జవాబు ఒక్కసారి కూడా తప్పిపోలేదు. బాపు మిస్డ్ కాల్‌తో ఆపుతున్నాడు. బటన్ డబ్బా తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఈరోజు పరీక్ష. ఇంకో లోరా బోర్డు తీసుకుని గట్టు మీద కూర్చుని నా ఆన్ సందేశాలన్నీ పట్టి రికార్డు చేశాను. సాయంత్రం మోటారు ఆపాక అవే వదిలాను. పక్క చేను అబ్బాయిని బోరు దగ్గర నిలబెట్టి, మోటారు ఎత్తుకుంటే అరవమన్నాను. అరవలేదు. లాగ్‌లో ఇలా ఉంది:

17:22:40 సవాలు లేదు, తిరస్కరించాను — మైనస్ 48
17:22:52 సవాలు లేదు, తిరస్కరించాను — మైనస్ 48
17:23:10 సవాలు పాతది, తిరస్కరించాను — మైనస్ 48

ఓరుగల్లు_సిగ్నల్ | నవంబర్ 23, రాత్రి 8:20

గట్టు మీద నుంచి 40, 50 మధ్య అన్నానా లేదా 😀

మిర్చికల్లం | నవంబర్ 23, రాత్రి 8:34

అన్నావన్నా. ఇంకొకటి. ఆ అబ్బాయి వాళ్లది మిస్డ్ కాల్ స్టార్టరే, ఆన్‌కూ ఆఫ్‌కూ. ఇదంతా చూశాక వాళ్ల నాన్న రేపు పొద్దున డబ్బా విప్పి చూడమన్నాడు. ఆ స్టార్టర్లలో రిజిస్టర్ అయిన నంబర్ల జాబితా ఎక్కడ ఉంటుందో, కొనేటప్పుడు షాపువాడు పెట్టిన నంబరు కూడా అందులోనే ఉండిపోయిందో లేదో ఎలా చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి, పొద్దున ఏడింటికి పోతున్నాను.